మతి మరచిన పెద్దలకు మందు లేని పరిచర్య

ముమ్మిడివరములోని మా బంధువుల ఇంట ఎనుబది యేండ్లు దాటిన పెద్దమ్మగారు కలరు. కాఫీ త్రాగి గ్లాసు క్రింద పెట్టకమునుపే మరల కాఫీ యడుగుదురు. కన్నకొడుకునే "ఎవరి తాలూకు బాబూ మీరు?" అని ప్రశ్నింతురు. అట్టి తల్లియే ధనుర్మాసమున ఎవరైనను తిరుప్పావై మొదటి మాట అందించిన చాలును, పాశురమంతయు తడబాటు లేక పాడుదురు.

చూచినవారు ఆశ్చర్యపడుదురు గాని, దీనికి కారణము వైద్యులెరిగినదే. డిమెన్షియా యను ఈ వ్యాధిలో సాధారణముగ నిన్నటి జ్ఞాపకము ముందు పోవును. బాల్యమున రాగముతో కంఠస్థమైనది చాలకాలము నిలుచును. పాశురము వ్యాధిని మాన్పునని చెప్పుట సాహసము; మాన్పు ఔషధమును నేటికి లేదు. నిలిచియున్న దానిని పట్టుకొని ఆ మనిషిని మన నడుమకు పిలుచుకొనుటయే పరిచర్య.

2003లో ఇంగ్లండున వెలువడిన పరిశోధన యొకటి కలదు. వృద్ధులను చిన్న బృందములుగ కూర్చుండబెట్టి, 7 వారములలో 14 పర్యాయములు ముచ్చట్లు, పాటలు, ఆటలు సాగించిరి. జ్ఞాపకశక్తియు, జీవనోత్సాహమును కొంత మెరుగుపడెను. ఈ పద్ధతిలో ముఖ్యనియమము, జ్ఞాపకమును పరీక్షింపకుండుట. పెద్దమ్మగారి కుమారుడు మొదట నిత్యము "నేనెవరినో చెప్పమ్మా" అని అడుగువాడు. ఆమె కంట నీరు పెట్టుకొనెడివారు. ఇప్పుడు గుమ్మములోనే "అమ్మా, నేను నీ పెద్దబ్బాయిని, వచ్చాను" అనుచున్నాడు. ఆ కన్నీరు ఆగినది.

చేతికి పని యుండవలెను. వత్తులు చేయుట, పూలు గ్రుచ్చుట, కొబ్బరాకు ఈనెలు తీయుట ఆమె చేతులు మరువలేదు. దీపము కడ మాత్రము ఒంటరిగ విడువరాదు. కాలువగట్టు దగ్గరైన ఇండ్లవారు వీధి తలుపు కనిపెట్టి యుండవలెను.

రాకమునుపు జాగ్రత్త మాట. 2013లో హైదరాబాదు నిమ్స్ వైద్యులు 648 మంది రోగులను పరిశీలింపగా, రెండు భాషలు మాటలాడువారికి ఈ వ్యాధి సుమారు నాలుగున్నరయేండ్లు ఆలస్యముగ పొడసూపినట్లు తేలినది. చదువురానివారిలోను ఈ భేదము కనిపించెను. రక్తపోటు, మధుమేహము, పొగత్రాగుట, వినికిడి లోపము, ఏకాంతము మున్నగు 14 కారణములను అరికట్టగలిగినచో సుమారు 45 శాతము కేసులు నివారింపబడవచ్చును లేదా ఆలస్యము కావచ్చునని 2024లో లాన్సెట్ సంఘము తెలిపినది. చెవిటితనమును ముసలితనమని వదలివేయువారు మనలో పెక్కురు! హఠాత్తుగ మతి తప్పినచో మాత్రము తక్షణమే వైద్యునికి చూపవలెను. అంటురోగము వంటి నయమగు కారణము ఉండవచ్చును.

ఈ భారము సాధారణముగ కోడలిపై పడును. ఆ యింట ఆడపడుచు శనివారము సాయంకాలమున వచ్చి తల్లి కడ కూర్చుండును. కోడలు ఆ రెండు గంటలు నిదురించును.