చేతి స్కానరు – మేము నేర్చుకున్న మీటలు

ఈసారి వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ గారు అడిగారు. మేము ముగ్గురం ఒకే గదివాళ్ళం, ఒకే పీజీ చదువు. మా ముగ్గురి ఇళ్ళలోనూ మాకు ముందు డిగ్రీ చూసినవాళ్ళు లేరు. అందువల్ల ఏ యంత్రాన్నైనా ముట్టుకుంటే పాడవుతుందేమో అన్న భయం మాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ భయం పోగొట్టిన ఒక యంత్రం గురించి ఈ వ్యాసం.

అసలు సంగతి 2024 సెప్టెంబరులో మొదలైంది. బుడమేరు పొంగి విజయవాడలోకి వచ్చిన రోజులు మీకందరికీ గుర్తే. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వదిలారు. మాలో ఒకరి ఇల్లు సింగ్‌నగర్‌లో ఉంది. కరెంటు లేదు, ఫోను కలవదు. గుణదలలో ఉన్న మాకు నాలుగు కిలోమీటర్ల దూరంలోని అమ్మ ఎలా ఉందో తెలియడానికి రెండు రోజులు పట్టింది. (మేడ మీదికి ఎక్కి క్షేమంగానే ఉన్నారు.) ఫోను లేకుండా కబురు వెళ్ళే దారి లేదా అని అప్పుడు అడిగితే, మాకు తెలిసిన ఒక మాస్టారు, లైసెన్సు ఉన్న హామ్ రేడియో ఆపరేటరు, "ఉంది నాయనా, కానీ ముందు వినడం నేర్చుకోండి" అన్నారు. తన యూనిడెన్ బేర్‌క్యాట్ 125 స్కానరును ఆదివారాలు మా ముందు పెట్టారు.

స్కానరు అంటే వినడానికి మాత్రమే పనికొచ్చే రేడియో. దీంతో మాట్లాడలేం. మామూలు రేడియోలో మనం ముల్లు తిప్పి ఒక స్టేషను దగ్గర ఆపుతాం. స్కానరు తానే వరుసగా ఒక్కో పౌనఃపున్యం మీదికి వెళ్ళి, ఎక్కడైనా సంకేతం ఉంటే ఆగి, మాట అయిపోగానే ముందుకు వెళుతుంది. దీన్ని చేతికి తీసుకోగానే మేము చేసిన మొదటి పని 98.3 నొక్కి మిర్చి వినాలనుకోవడం. రాలేదు! పాడుచేశామని హడలిపోయాం. ఈ మోడలు 25–54, 108–174, 225–380, 400–512 మెగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటుంది. ఎఫ్‌ఎం పాటల స్టేషన్లు 88 నుంచి 108 మధ్య ఉంటాయి కనుక దీనికి అందవు. మాస్టారు చాలాసేపు నవ్వారు.

పైన రెండు గుండ్రని మీటలు ఉంటాయి. ఒకటి శబ్దం పెంచేది, రెండోది స్క్వెల్చ్. వ్యాసం మొత్తంలో గుర్తుపెట్టుకోవలసింది ఈ స్క్వెల్చ్ ఒక్కటే. సంకేతం లేనప్పుడు ఎఫ్‌ఎం రిసీవరు ఊరుకోదు, "స్స్" అని హోరు పెడుతుంది. ఆ హోరును ఆపే తలుపు స్క్వెల్చ్. డెల్టా పిల్లలం కాబట్టి ఇలా చెప్పుకుందాం: కాలువ మీద షట్టరు ఉంది. పూర్తిగా ఎత్తేస్తే చెత్తా చెదారం అంతా పొలంలోకి వస్తుంది. మరీ దించేస్తే మంచి నీళ్ళు కూడా రావు. మీటను ఎడమకు చివరి దాకా తిప్పి హోరు వినండి. తరువాత మెల్లగా కుడికి తిప్పుతూ హోరు ఆగిన చోట ఆపి, వెంట్రుకవాసి ముందుకు జరపండి. అంతే. హోరు విసుగనిపించి ఇంకా తిప్పారా, బలహీనమైన సంకేతాలన్నీ తలుపు బయటే ఉండిపోతాయి.

ఈ పొరపాటు మేము స్వయంగా చేశాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, 145.825 మెగాహెర్ట్జ్ మీద హామ్‌ల డేటా సందేశాలను తిరిగి ప్రసారం చేస్తూ ఉంటుంది. మన డాబా మీద నుంచి ఒకసారి అది కనిపించే వ్యవధి మహా అయితే పది నిమిషాలు. తెల్లవారుజామున లేచి, ఏంటెన్నా పట్టుకుని, పది నిమిషాలూ ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాం. ఒక్క చప్పుడు లేదు. కిందికి దిగాక చూస్తే స్క్వెల్చ్ మీట సగం పైకి తిరిగి ఉంది. ఎవరు తిప్పారన్న తగాదా ఇప్పటికీ తేలలేదు.

మళ్ళీ ప్రయత్నించినప్పుడు స్క్వెల్చ్ పూర్తిగా తెరిచిపెట్టాం. మెమరీలో మూడు ఛానళ్ళు పెట్టుకున్నాం: 145.830, 145.825, 145.820. ఎందుకు మూడు? గుణదల స్టేషను దాటే రైలు కూత మన వైపు వస్తున్నప్పుడు సన్నగా, దూరమవుతున్నప్పుడు బొంగురుగా వినబడుతుంది కదా. అదే డాప్లర్ ప్రభావం. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే వస్తువు విషయంలో రేడియో తరంగం కూడా అటూ ఇటూ సుమారు మూడున్నర కిలోహెర్ట్జ్ జరుగుతుంది. వచ్చేటప్పుడు పై ఛానలు, నడినెత్తిన మధ్యది, పోయేటప్పుడు కిందిది. ఆ పొద్దున "గర్ర్, గర్ర్" అని చిన్న చిన్న తుంపరలు వినిపించాయి. మాటలు కావు, డేటా. అయినా ముగ్గురం గట్టిగా అరిచాం. నిద్ర చెడిన తమ్ముళ్ళు క్షమించాలి.

మిగతా మీటలు తేలిక. ఛానళ్ళు 500, ఒక్కోదానిలో 50 చొప్పున పది బ్యాంకులు. స్కాన్ నొక్కితే మనం దాచినవి మాత్రమే తిరుగుతాయి. సెర్చ్ నొక్కితే రెండు హద్దుల మధ్య తెలియనివి వెదుకుతుంది. హోల్డ్ ఒకచోట ఆపుతుంది. ఏదైనా ఛానలు అదేపనిగా గొణుగుతూ స్కానరును ముందుకు పోనివ్వకపోతే లాకౌట్‌తో దాన్ని దాటించవచ్చు. మా గదిలో అలా గొణిగినవి ఎక్కువగా చౌక చార్జర్లే! ఒకసారి నొక్కితే తాత్కాలికం, రెండుసార్లు నొక్కితే శాశ్వతం.

ఏంటెన్నా లెక్క పరీక్షకూ పనికొస్తుంది. 75ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే పావు తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 145కు సుమారు 52 సెంటీమీటర్లు. ఎత్తు కూడా ముఖ్యం: మీటర్లలో ఎత్తుకు వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. నేల మీద చేత్తో పట్టుకుంటే అయిదు కిలోమీటర్లు, 12 మీటర్ల డాబా మీద పద్నాలుగు. గుణదల కొండ ఎక్కితే ఎంతో మీరే వేయండి.

ఇక కాస్త కఠినమైన మాట. మేరీమాత ఉత్సవాలప్పుడు పోలీసుల వాకీటాకీలు విందామని మాలో ఒకరు ఉబలాటపడ్డారు. మాస్టారు స్కానరు లాక్కున్నంత పని చేశారు. మనదేశంలో అనుమతి లేకుండా రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడమే చట్టవిరుద్ధం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో, ఇతరుల సందేశాలను అక్రమంగా వింటే మూడేళ్ళ వరకు జైలు, రెండు కోట్ల వరకు జరిమానా ఉన్నాయి. "ఆటకు విన్నాం" అంటే కుదరదు. ఉద్యోగం వచ్చాక పూర్వాపరాల విచారణ జరుగుతుంది. అక్కడ ఒక్క కేసు కనిపిస్తే మన ఇళ్ళలో మళ్ళీ కోలుకునేవాళ్ళు ఎందరు? ఆన్‌లైనులో చవకగా దొరికే వాకీటాకీల విషయంలోనూ ఇదే జాగ్రత్త. 446.0–446.2 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది. మిగతావి కొనకండి. మేమూ మాస్టారి ఎదుట, ఆయన పరికరం మీద, హామ్‌ల పౌనఃపున్యాలే విన్నాం.

మరి వరదలో కబురు సంగతి? నిజం చెప్పాలంటే స్కానరు ఉన్నా ఆ రెండు రోజులు అమ్మ కబురు తెలిసేది కాదు. అటు పక్క మాట్లాడేవాళ్ళు ఉండాలి, దానికి లైసెన్సు కావాలి. 2004 సునామీ వేళ అండమాన్‌లో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున ఉన్న భారతి ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్ నుంచి సమాచారం అందించగలిగారంటే ఆవిడ చేతిలో లైసెన్సు ఉన్న సెట్టు ఉండబట్టే. పన్నెండేళ్ళు నిండినవారెవరైనా పరీక్ష రాయవచ్చు. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు శ్రేణులు. మొదటివారి పిలుపు గుర్తు వీయూ3తో, రెండోవారిది వీయూ2తో మొదలవుతుంది. మేము ముగ్గురం రెస్ట్రిక్టెడ్‌కు చదువుతున్నాం.

అంతరిక్ష కేంద్రం వచ్చే వేళలు మా గది తలుపు మీద రాసి ఉంటాయి. మాస్టారు వచ్చే ఆదివారాల్లో డాబా మీదికి రండి. రెండు పెన్సిల్ సెల్లులు మీరే తెచ్చుకోండి. సెల్లుల గూటిలో ఆల్కలైన్, చార్జింగు రకం అని చిన్న స్విచ్ ఉంటుంది, మీరు వేసిన రకానికే తిప్పండి. మామూలు సెల్లులు వేసి చార్జింగు పెడితే కారిపోతాయి. మాస్టారివి ఇప్పటికే రెండు జతలు అయిపోయాయి.