విదేశీ చదువు: ఆన్‌లైన్ క్లాసు ఎంతవరకు, హాజరు ఎంతవరకు?



మన సొసైటీ ఆఫీసుకు ఒకప్పుడు జూన్, జూలై నెలల్లో ఫీజు సాయం కోసం, పుస్తకాల కోసం వచ్చేవారు. ఇప్పుడు వారితో పాటు ఐ-20 కాగితం పట్టుకుని వచ్చే తల్లిదండ్రులూ ఉంటున్నారు. గాజువాక, కూర్మన్నపాలెం వైపు నుంచి స్టీల్ ప్లాంట్‌లో రిటైరైనవారు, పాత నగరం, మల్కాపురం నుంచి పోర్టు పనివారు. ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము, ఇంటి ఆడవారి బంగారం, బ్యాంకు రుణం, అన్నీ ఆ ఒక్క కాగితం మీద పెట్టి ఉంటారు. వడ్డీ జోలికి పోకూడదని ఏళ్ల తరబడి జాగ్రత్తపడిన ఇళ్లు కూడా పిల్లల కోసం ఈ రుణాల వద్దకు వెళుతున్నాయి. అది వేరే చర్చ, ఉలమాలు చెప్పవలసినది. మేము ఇక్కడ చెప్పదలచినది మరొక సంగతి. ఫీజు పూర్తిగా కట్టి, పరీక్షలన్నీ పాసై కూడా పిల్లవాడు వీసా పోగొట్టుకోవచ్చు. క్లాసులో కూర్చుని చదివాడా, ఆన్‌లైన్‌లో చదివాడా అన్న లెక్క దగ్గరే అది జరుగుతుంది.

మన ఊరివారికి ఓడల భాషలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. సీమన్ ఎన్ని కోర్సులు చేసినా ఒడ్డున గడిపిన రోజులు సీ-టైమ్‌లో కలవవు. ఓడ ఎక్కిన తేదీ, దిగిన తేదీ సీడీసీలో పడితేనే లెక్క. అమెరికా విద్యార్థి వీసాలో క్లాసు గదికి అటువంటి విలువే ఉంది.

ఎఫ్-1 వీసా మీద వెళ్లినవారు ప్రతి సెమిస్టర్‌లో పూర్తి కోర్సు చదవాలి. బ్యాచిలర్స్ వారికి కనీసం 12 క్రెడిట్లు. మాస్టర్స్ వారికి ఎన్ననేది యూనివర్సిటీ నిర్ణయిస్తుంది, చాలాచోట్ల 9. ఆ కనీస లెక్కలోకి ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, అంటే 3 క్రెడిట్లే వస్తాయి. మన పిల్లలు తడబడేది ఇక్కడే కాబట్టి ఉదాహరణ చూద్దాం. మాస్టర్స్ అబ్బాయి మూడేసి క్రెడిట్ల కోర్సులు మూడు తీసుకున్నాడు. రెండు క్లాసులో, ఒకటి ఆన్‌లైన్‌లో అయితే 9 పూర్తయినట్టే. ఒకటి క్లాసులో, రెండు ఆన్‌లైన్‌లో అయితే మార్కుల జాబితాలో 9 కనిపించినా వీసా లెక్కలో 6 మాత్రమే. అదే అబ్బాయి రెండు క్లాసులో, రెండు ఆన్‌లైన్‌లో, మొత్తం 12 తీసుకుంటే ఇబ్బంది లేదు. కనీసం 9 నిండింది, మిగిలిన ఆన్‌లైన్ కోర్సు అదనం. కాబట్టి "రెండో ఆన్‌లైన్ కోర్సు తీసుకోనే కూడదు" అని కొందరు పెద్దపిల్లలు చెప్పేది కూడా సరికాదు. ఇంగ్లిష్ భాషా శిక్షణ కోర్సులకు వెళ్లేవారికి మాత్రం ఆ ఒక్క ఆన్‌లైన్ క్లాసు వెసులుబాటు కూడా లేదు.

చివరి సెమిస్టర్ సంగతి విడిగా గుర్తుంచుకోవాలి. డిగ్రీకి ఒకే కోర్సు మిగిలి ఉంటే ఆ ఒక్కటే చదవవచ్చు, కానీ అది క్లాసుకు హాజరయ్యేదై ఉండాలి. రూము అద్దె మిగులుతుందని దాన్ని ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఒడ్డు దగ్గర పడవ మునిగినట్టే.

జబ్బు చేసినా, కొత్తలో పాఠాలు అందకపోయినా తక్కువ క్రెడిట్లు చదివే అనుమతి ఉంది. అయితే అది యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, డీఎస్ఓ అంటారు, ముందుగా ఇవ్వాలి. కోర్సు వదిలేసి తరువాత వెళ్లి చెబితే అప్పటికే సెవిస్ రికార్డు చెడి ఉంటుంది. ప్రొఫెసర్ ఒప్పుకున్నాడు, రూమ్మేట్ చెప్పాడు అంటే చెల్లదు. కొంత క్లాసులో, కొంత ఆన్‌లైన్‌లో నడిచే హైబ్రిడ్ కోర్సు ఏ లెక్కలోకి వస్తుందో కూడా డీఎస్ఓనే అడగాలి. నోటిమాటగా వద్దు, ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోవాలి.

ఈ కట్టుబాటు కొత్తది కాదు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అమెరికా విద్యార్థి వీసా నిబంధనలను బిగించినప్పుడు, 2003 నుంచి అమలులోకి వచ్చింది. దాని బరువు మన తెలుగువారికి తెలిసింది 2011 జనవరిలో. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. అక్కడ 1,500 మందికి పైగా విద్యార్థులు ఉన్నట్టు రికార్డు. వారిలో అత్యధికులు మనదేశం వారు, అందులోనూ ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. పాఠాలు ఆన్‌లైన్‌లో, పిల్లలు దేశమంతటా ఉద్యోగాల్లో. సగానికి పైగా విద్యార్థుల చిరునామాగా సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్‌ను చూపించారు. కొందరు పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు వేశారు. భారత ప్రభుత్వం గట్టిగా నిరసన తెలిపింది. సంస్థ అధినేత్రికి 2014లో పదహారేళ్లకు పైగా జైలు పడింది. పిల్లల సంవత్సరాలు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి మరీ విచిత్రం. మిషిగన్‌లో ఆ పేరుతో బోర్డు పెట్టింది అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే. టీచర్లు లేరు, తరగతులు లేవు. తొలి అరెస్టుల్లో 130 మంది విద్యార్థులుంటే 129 మంది భారతీయులు. చేర్పించిన దళారులుగా కేసు పడిన ఎనిమిది మందిలోనూ మన తెలుగువారున్నారు. ప్రభుత్వమే వల పన్నడం న్యాయమా అని అడగవచ్చు, అడిగినవారూ ఉన్నారు. మా మాట అంతకన్నా చిన్నది: క్లాసు టైమ్‌టేబుల్ లేని యూనివర్సిటీని ఎవరు పెట్టినా అందులో చేరకూడదు.

కోవిడ్ కాలం వేరే గందరగోళం తెచ్చింది. 2020 మార్చిలో ఆన్‌లైన్ పరిమితిని సడలించారు. జూలై 6న, పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవారు దేశంలో ఉండరాదని ప్రకటించారు. రెండు రోజుల్లో హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాయి. 14వ తేదీన ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ సడలింపు 2022-23 విద్యా సంవత్సరంతో ముగిసిపోయింది. ఇప్పటికీ "మా అన్న ఇంట్లో కూర్చునే చదివాడు" అని చెప్పే పిల్లలున్నారు. అన్న చదివిన రోజులు వేరు.

ఆడపిల్లల తల్లిదండ్రులు తరచు అడిగేది ఒకటుంది. "నికాహ్ అయి వెళుతోంది, ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చా?" అల్లుడి వీసాను బట్టి జవాబు ఉంటుంది. అతను హెచ్-1బీ ఉద్యోగి అయి, అమ్మాయి హెచ్-4 మీద వెళితే పూర్తి డిగ్రీ చదవవచ్చు. ఆన్‌లైన్ పరిమితి ఆమెకు వర్తించదు. అతనే విద్యార్థి అయి, ఆమె ఎఫ్-2 మీద వెళితే పూర్తికాలపు కోర్సు చదవరాదు, కొద్ది కోర్సులే. సంబంధం ఖాయం చేసే రోజునే ఈ ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు. జహేజ్ గురించి మాట్లాడే నోళ్లు దీని గురించి మాట్లాడితే ఎంతో మేలు.

ఆస్ట్రేలియా లెక్క వేరు. అక్కడ మొత్తం కోర్సులో మూడో వంతుకు మించి ఆన్‌లైన్ ఉండరాదు. ప్రతి సెమిస్టర్‌లో కనీసం ఒక సబ్జెక్టుకైనా క్లాసుకు వెళ్లాలి.

ఎంబీబీఎస్ కోసం కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ వంటి దేశాలకు పంపేవారికి చిక్కు అక్కడిది కాదు, ఇక్కడిది. నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నవంబరు నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల చదువు, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్, రెండూ ఒకే విదేశీ కళాశాలలో పూర్తిచేయాలి. బోధన ఇంగ్లిష్‌లో ఉండాలి. తరువాత మనదేశంలో మరో 12 నెలల ఇంటర్న్‌షిప్. కోవిడ్, ఉక్రెయిన్ యుద్ధం వల్ల తిరిగివచ్చి ఆన్‌లైన్‌లో ముగించిన చివరి సంవత్సరం వారికి 2022 జూలైలో ఇచ్చిన వెసులుబాటులో కూడా ఇక్కడి ఇంటర్న్‌షిప్‌ను రెండేళ్లు చేశారు. మంచం పక్కన నిలబడి నేర్చుకోనిది ఎక్కడో ఒకచోట నేర్చుకోవలసిందే కదా! రెండేళ్లు ఒక కళాశాలలో చదివి మధ్యలో మరొకచోటికి మారిస్తే ఫీజు తగ్గుతుందని చెప్పే ఏజెంటుకు ఈ 54 నెలల నిబంధన చూపించండి.

అడ్మిషన్ లెటర్, ఐ-20, మొదటి సెమిస్టర్ కోర్సుల జాబితా, ఈ మూడూ చేతికి రాగానే ఫీజు కట్టకముందు మా విద్యా కమిటీకి చూపించండి. జాబితాలో ప్రతి కోర్సు పక్కన అది ఏ భవనంలో, ఏ గదిలో, ఏ వారం జరుగుతుందో రాసి ఉంటుంది. గది నంబరు లేని కోర్సులు ఎన్నున్నాయో ముందు లెక్కపెట్టండి.