భూదేవి ఫొటోలో ఒక తుఫాను

పొద్దున్నే కాళ్లు నేల మీద పెట్టే ముందు భూదేవిని ఎందుకు క్షమించమని అడుగుతామో పోయిన వీడియోలో మాట్లాడుకున్నాం కదా. ఆ వీడియో థంబ్‌నెయిల్ విషయంలో నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అందులో ఉన్న భూమిని "అంతరిక్షం నుంచి తీసిన ఫొటో" అనేశాను. అది అచ్చంగా ఫొటో కాదు.

అది 2002లో నాసా వాళ్లు తయారుచేసిన బొమ్మ. టెర్రా అనే ఉపగ్రహం అప్పట్లో సుమారు 705 కిలోమీటర్ల ఎత్తులో తిరిగేది. అంత దగ్గర నుంచి భూగోళం మొత్తం ఒక్క ఫ్రేములో పట్టదు. అందుకని నెలల తరబడి ముక్కలుగా వచ్చిన డేటాని కలిపి కుట్టి, గోళంలా చుట్టారు. మొదటి ఐఫోన్ తెర మీద కనిపించిన భూమి కూడా ఇదే. అబద్ధం అనను, ఆ డేటా అంతా నిజమే. కానీ ఏ ఒక్క క్షణంలోనూ భూమి సరిగ్గా అలా లేదు. రోజూ డేటాతోనే పనిచేసే నేను, చెక్ చేయకుండా పెట్టేశాను.

ఒకే క్లిక్‌లో వచ్చిన ఫొటో వేరే ఉంది. 1968లో అపోలో 8 నుంచి విలియం ఆండర్స్ తీసినది కాదు. అందులో చంద్రుడి అంచు మీద కనిపించే భూమికి కొంత భాగం చీకట్లో ఉంటుంది. నేను చెప్పేది 1972 డిసెంబర్ 7 నాటి ఫొటో. అపోలో 17 బయల్దేరిన ఐదు గంటలకి, దాదాపు 29 వేల కిలోమీటర్ల దూరం నుంచి హాసెల్‌బ్లాడ్ కెమెరాతో తీశారు. క్రెడిట్ మాత్రం సెర్నన్, ఎవాన్స్, ష్మిట్ ముగ్గురికీ కలిపే ఇస్తారు. సూర్యుడు వాళ్ల వెనక ఉండటంతో భూమి నిండుగా వెలిగింది. ఇంకో సంగతి, అసలు ఫ్రేములో దక్షిణ ధ్రువం పైన ఉంది. మనకి అలవాటైనట్టు కనిపించాలని తిప్పి ప్రచురించారు.

ఆ ఫొటోని టీవీలో పెద్దగా పెట్టి నాన్నమ్మకి చూపించాను.

"ఇందులో మనం ఎక్కడున్నాం నాన్నా?" అంది.

మధ్యలో ఆఫ్రికా, పక్కన మడగాస్కర్, పైన అరేబియా, కింద తెల్లగా అంటార్కిటికా. మనం కుడివైపు పైన, అంచు దగ్గర. కనిపించీ కనిపించనట్టు ఉంటాం. జూమ్ చేస్తే అక్కడ ఒక తెల్లటి సుడి కనిపించింది. అది తుఫాను. ఫొటోకి రెండు రోజుల ముందే, డిసెంబర్ 5న, తమిళనాడుని గాలులతో, వరదలతో ముంచెత్తిన తుఫాను. ఫొటో తీసేసరికి మన టైం సాయంత్రం 4 దాటింది.

నాన్నమ్మది దివిసీమ. 1977 ఉప్పెన చూసిన మనిషి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇది తీసేటప్పుడు కింద జనం నీళ్లలో ఉన్నారన్నమాట" అంది.

ఎన్నేళ్లుగానో ఇది నా ల్యాప్‌టాప్ వాల్‌పేపర్. ఎంత ప్రశాంతంగా ఉందో అనుకునేవాణ్ణి! పైగా మన శ్లోకంలో సముద్రాన్ని అమ్మ కట్టుకున్న వస్త్రం అన్నారు కాబట్టి, "చూశారా, నాసా కంటే ముందే మనవాళ్లకి తెలుసు" అని కాలేజీలో వాదించేవాణ్ణి కూడా. ఇప్పుడు ఆ వాదన చిన్నగా అనిపిస్తోంది. భూమి గుండ్రమని చెప్పిన ఘనత కావాలంటే 499లోనే లెక్కలు కట్టి రాసిన ఆర్యభటుడు ఉన్నాడు. శ్లోకం పని అది కాదు. అది దూరం నుంచి చూసి మురిసిపోయేవాడి మాట కాదు, అమ్మ మీద కాలు పెట్టబోతూ, తన బరువు తనకి గుర్తొచ్చినవాడి మాట. నేను ఫొటో వైపు నుంచి శ్లోకాన్ని చదివాను. నాన్నమ్మ నేల మీద నుంచి ఫొటోని చదివింది.

ఏ రోజు భూమి ఎలా ఉందో చూడాలంటే డిస్కవర్ ఉపగ్రహం తీసిన ఫొటోలు ఉన్నాయి. 2015 నుంచి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి, ఎండ పడే వైపుని రంగురంగుకీ విడిగా తీసేది, తర్వాత వాటిని కలిపేవారు. చూసేటప్పుడు తేదీ కూడా చూడండి. ఆరోజు ఆ మబ్బుల కింద ఎవరున్నారో వెతకండి.

థంబ్‌నెయిల్ మార్చాను, 1972 ఫొటో పెట్టి కింద తేదీ వేశాను. సైజుకి సరిపోవాలంటే పైభాగం కట్ చేయాలి. చేయలేదు. అటూ ఇటూ నల్లగా ఉంటే ఉండనీ, ఆ కుడివైపు మూల మాత్రం కనిపించాలి.