తాండూరు బండ మీద యాసిడ్

ఇంటికి రంగులు వేయించిన మర్నాడు, నేల మీది చుక్కలు పోవాలని హాల్లో యాసిడ్ పోసింది నేనే. బుస్సుమని నురుగొచ్చింది. మురికి వదులుతోందని సంబరపడ్డాను. వదిలింది బండ పైపొర!

తాండూరు బండ సున్నపురాయి, అంటే చాలావరకు కాల్షియం కార్బొనేట్. హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగిలితే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ఇంటర్‌లో ఈ ఈక్వేషన్ బ్యాలెన్స్ చేసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ నురుగు అదే.

మెరుపు పోయి తెల్లటి మచ్చలు మిగిలాయి. "తీసేసి టైల్స్ వేయిద్దాం" అన్నారు నాన్న. విట్రిఫైడ్ టైల్ 0.5 శాతానికి మించి నీటిని పీల్చదు, మరకలు అంత తేలిగ్గా పట్టవు. కానీ నున్నటి రకం తడిస్తే జారుతుంది. నానమ్మకి మోకాళ్ల నొప్పులు. "ఆ అద్దాల మీద నేను నడవలేన్రా" అంది. చివరికి బండలకే మిషన్‌తో మళ్లీ పాలిష్ పట్టించాం. పనైనన్నాళ్లూ ఇల్లంతా బురదే, నాకు చీవాట్లే.

మీది ఏ రాయో తెలియకపోతే మిగిలిపోయిన ముక్క మీద నిమ్మరసం చుక్క వేయండి. బుడగలొచ్చినా, ఆరాక మచ్చ పడినా యాసిడ్ జోలికి పోవద్దు. అలాంటి నేలకి కొంచెం సబ్బునీళ్లు చాలు. పులుసు ఒలికితే మాత్రం వెంటనే తుడవాలి.

టైల్సే వేయిస్తుంటే మధ్యలో సన్నటి సందులు వదలమని మేస్త్రీకి చెప్పండి. లేకపోతే వేడికి వ్యాకోచించి పైకి లేచే ప్రమాదముంది. ఆరాక నాణెంతో తట్టండి, డొల్లగా మోగితే కింద సిమెంటు సరిగ్గా పట్టనట్టే.

మేం బాత్రూంకి మాత్రం గరుకు టైల్ వేయించాం, నానమ్మ శాంపిల్ ముక్కని పాదంతో రుద్ది చూసి సరేనన్నాకే.