కెమెరా పోయిందా? ముందు చూడండి

భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు పెరిగింది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. ఒడ్డు ఊళ్లకు వరద కొత్త కాదు. వరద తగ్గాక కూలిన గోడకు, మునిగిన చేనుకు ఫొటో తీసి పెట్టుకోవాలి. నష్టం రాసుకోవడానికి వచ్చిన వాళ్లకు చూపించవచ్చు.

ఇప్పుడు చాలామంది ఫోనుతోనే ఫొటో తీస్తున్నారు. కొందరి దగ్గర పాత చిన్న కెమెరా కూడా ఉంటుంది. అడవి అంచు ఊళ్లో ఒక పొదుపు సంఘానికి అలాంటిది ఉంది. వానాకాలమంతా అది ట్రంకు పెట్టెలో ఉంది. తీసి బటను నొక్కితే ఆన్ కాలేదు.

"ఇది పోయిందక్కా! పారేద్దాం" అంది చిన్నామె.

"తొందరపడకు చెల్లీ. దీపం వెలగకపోతే ముందు నూనె ఉందా అని చూస్తాం కదా! కెమెరాకు బ్యాటరీయే నూనె" అంది పెద్దామె.

ఇద్దరూ ఒక్కొక్కటీ చూశారు. మనమూ ఇదే వరుసలో చూడాలి.

1. బ్యాటరీ తీసి చార్జింగు పెట్టాలి. వాడకపోయినా చార్జింగు మెల్లగా దిగిపోతుంది. పెన్సిల్ సెల్లు వేసే కెమెరా అయితే రెండూ కొత్తవే వేయాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలపకూడదు.

2. బ్యాటరీ మీద + గుర్తు, – గుర్తు ఉంటాయి. కెమెరాలోనూ ఉంటాయి. రెండూ సరిపోవాలి.

3. బ్యాటరీ తగిలే రేకులు చూడాలి. చెమ్మకు వాటి మీద పచ్చగానో తెల్లగానో చిలుము పడుతుంది. పలకా బలపం నాటి మనకు ఇప్పుడు పెన్సిలు, రబ్బరు ఉన్నాయి కదా! ఆ రబ్బరుతో మెల్లగా రుద్దాలి. పొడి గుడ్డతో తుడవాలి.

4. బ్యాటరీ మూత గట్టిగా పడాలి. మూత సరిగా పడకపోతే చాలా కెమెరాలు ఆన్ కావు.

ఆ కెమెరాకు చిలుమే అడ్డం. తుడిచాక ఆన్ అయింది.

జాగ్రత్త!

బ్యాటరీ ఉబ్బితే వాడకండి. కెమెరా నీళ్లలో పడితే బటను నొక్కకండి. బ్యాటరీ తీసి, నీడలో గాలికి రెండు రోజులు ఆరబెట్టండి. పొయ్యి దగ్గర పెట్టకండి.

స్క్రూలు విప్పకండి. ఇంటి కరెంటు 230 వోల్టులు. ఫ్లాష్ కోసం కెమెరా లోపల సుమారు 300 వోల్టులు నిలవ ఉంటాయి. బ్యాటరీ తీసినా షాకు కొడుతుంది. ఆ పని మెకానిక్కుదే.

కెమెరా పాడైనా ఫొటోలు సాధారణంగా కార్డులో భద్రంగా ఉంటాయి. షాపుకు ఇచ్చే ముందు కార్డు తీసి దాచుకోండి.

చెప్పండి:

1. రేకుల మీద చిలుము ఎందుకు పడుతుంది?
2. స్క్రూలు ఎందుకు విప్పకూడదు?
3. మీ ఇంట్లో టార్చిలైటు వెలగకపోతే ఏ వరుసలో చూస్తారు? నోటు పుస్తకంలో రాయండి.