దెబ్బ ఒక కణానికి, గాయం పొరుగు కణానికి

వికిరణం వలన జీవకణానికి హాని ఎట్లా కలుగుతుందన్న ప్రశ్నకు చాలాకాలం ఒకే సమాధానం ఉండేది. కిరణం కణకేంద్రకం గుండా దూసుకుపోవాలి, అక్కడి డి.ఎన్.ఎ. పోగులు తెగాలి, అవి సరిగా అతుక్కోకపోతే కణం చనిపోతుంది లేదా వికృతమవుతుంది. కిరణం తగలని కణానికి భయం లేదు.

1992లో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు నాగసావా, లిటిల్ ఈ భావనను కదిలించారు. హ్యామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాశయ కణాలపై వారు అతి స్వల్పంగా ఆల్ఫా రేణువులను ప్రసరింపజేశారు. (తెలుగులో ‘పార్టికల్’కూ ‘సెల్’కూ కణమనే మాటే వాడుకలో ఉన్నందున ఇక్కడ మొదటిదానిని రేణువు అనడమైనది.) నూటికి ఒక కేంద్రకానికైనా రేణువు తగలని మోతాదు అది. అయినా నూటికి ముప్పై కణాలలో క్రోమోజోముల జంట పోగుల మధ్య ముక్కల మార్పిడి పెరిగింది! తగిలిన కణాలు తగలని వాటికి ఏదో కబురు పంపాయన్నమాట. శాస్త్రజ్ఞులు దీనిని ‘బైస్టాండర్ ఎఫెక్ట్’ అంటారు. ‘పొరుగు ప్రభావం’ అంటే తెలుగులో సరిపోతుంది.

కబురు వెళ్ళే దారులు రెండు. ఒకదానినొకటి ఆనుకొని ఉన్న కణాల మధ్య కనెక్సిన్ అనే ప్రోటీనుతో ఏర్పడిన సన్నని నాళాలుంటాయి. చిన్న అణువులు వాటి గుండా దాటిపోతాయి. రెండవ దారి కణాల చుట్టూ ఉన్న ద్రవం. 1997లో మదర్‌సిల్, సీమోర్ గామా కిరణాలు సోకిన కణాలు పెరిగిన ద్రవాన్ని వడగట్టి, కిరణాలు సోకని కణాలకు అందించగా వాటిలో కొన్ని నశించాయి.

ఆ దూత ఏ పదార్థం? రసాయన శాస్త్రానికి ఆసక్తికరమైన ప్రశ్న ఇదే. వికిరణం నీటిని చీల్చినప్పుడు పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ కాజాలదు. అది పుట్టినచోటనే, కంటి రెప్పపాటులో ఎన్నో లక్షల వంతు కాలంలో, ఎదురైన అణువుతో కలిసిపోతుంది. గడప దాటాలంటే కొంత ఆయుర్దాయం కావాలి. హైడ్రోజన్ పెరాక్సైడుకు, నైట్రిక్ ఆక్సైడుకు అది ఉంది. టి.జి.ఎఫ్.-బీటా వంటి ప్రోటీన్ల పాత్ర కూడా వెల్లడైంది. దూత ఒక్కటే కాదు.

అమెరికాలో నేలమాళిగ ఉన్న ఇళ్ళలో నివసించే కుటుంబాలకు ఈ విషయం దూరమైనదేమీ కాదు. నేలలోని యురేనియం నుంచి పుట్టే రేడాన్ వాయువు పునాది పగుళ్ళ గుండా లోపలికి చేరుతుంది. ఊపిరితిత్తులలో దాని సంతతి వెదజల్లే ఆల్ఫా రేణువులు తగిలేది బహుకొద్ది కణాలకే. అయితే ప్రయోగశాల ఫలితాన్ని తిన్నగా మనిషికి అన్వయించడం తొందరపాటు. పొరుగు కబురు అన్నివేళలా చెరుపు చేయదు. దెబ్బతిన్న కణాలను తొలగించే సందర్భాలూ ఉన్నాయి. పైగా ఇళ్ళలోని రేడాన్ ప్రమాదాన్ని అక్కడ నివసించిన మనుషులనే పరిశీలించి కూడా లెక్కకట్టారు కనుక, పొరుగు ప్రభావం ఎంతైనా ఆ లెక్కలో కలిసే ఉంటుంది. గాలిలో లీటరుకు 4 పికోక్యూరీలు, అంతకు మించి ఉంటే ఇంటిని సరిచేయించుకోవాలని అమెరికా పర్యావరణ సంస్థ సూచన. కొలిచే సాధనం హార్డ్‌వేర్ దుకాణంలోనే దొరుకుతుంది. నేలమాళిగలో పిల్లల పడకగది ఏర్పాటు చేసేవారు ముందుగా కొలిపించడం మేలు.