కుక్కపిల్ల ఇంటికొచ్చాక: ప్రశ్నలు - జవాబులు

2025 ఆగస్టు 17న హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. డబ్బు పోసి విదేశీ జాతి కుక్కను కొనేకన్నా మన వీధిలో పుట్టిన పిల్లను ఇంటికి తెచ్చుకోమన్నది అక్కడి పిలుపు. మంచి పిలుపే. అయితే పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఇంటికి రావడానికి పట్టేది ఒక్క పూట. అసలు ప్రశ్నలు ఆ రాత్రి నుంచే మొదలవుతాయి. తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ (ఓయూ) క్యాంపస్, ముషీరాబాద్ చుట్టుపక్కల ఇళ్ళలో తరచూ వినిపించే సందేహాలివి.

ప్రశ్న: రెండున్నర నెలల ఆడ కుక్కపిల్లను తెచ్చుకున్నాం. మూడు రోజులుగా మంచం కింద నుంచి బయటికి రావడం లేదు. రాత్రంతా ఏడుస్తుంది. మా పెంపకంలో తప్పేమైనా ఉందా? (తార్నాక)

తప్పేమీ లేదు. తల్లి, తోబుట్టువులు, తెలిసిన వాసనలు అన్నీ ఒక్కరోజులో పోయాయి దానికి. షెల్టర్లలో పనిచేసేవాళ్ళు ఒక లెక్క చెబుతారు. భయం తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అని కుదురుకోవడానికి మూడు నెలలు. ఇది కొలిచి తేల్చిన శాస్త్రం కాదు, అనుభవం మీద వేసిన అంచనా. కొన్ని పిల్లలకు వారం చాలు, కొన్నిటికి ఆరు నెలలు పడుతుంది.

మంచం కింద నుంచి లాగకూడదు. అక్కడే ఒక గోనెసంచి, దాని మీద పాత నూలు చీర, పక్కన నీళ్ళ గిన్నె పెట్టాలి. ఇంట్లో ఒకరు రోజూ అదే సమయానికి కాస్త దూరంలో నేల మీద కూర్చుని పేపరు చదువుకుంటే చాలు. పిలవనక్కర్లేదు, దాని కళ్ళలోకి చూడనక్కర్లేదు. వాసన చూడటానికి అదే వస్తుంది. పిల్లను చూద్దామని వచ్చే చుట్టపక్కాలను వారం తర్వాత రమ్మనండి. రాత్రిళ్ళు వరండాలో ఒంటరిగా కట్టేస్తే ఏడుపు పెరుగుతుంది. మొదట్లో మనుషులు పడుకునే గదిలోనే దాని పక్క వేయాలి.

ఒక్క విషయంలో మాత్రం ఓపిక పనికిరాదు. ఈ వయసు పిల్ల రోజంతా ఏమీ ముట్టకపోయినా, వాంతులు చేసుకున్నా, విరేచనంలో నెత్తురు పడినా దాన్ని బెంగ అనుకోకూడదు. పార్వో వైరస్ జబ్బు కావచ్చు. టీకా పడని పిల్లలను అది రెండు మూడు రోజుల్లోనే మింగేస్తుంది. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ముషీరాబాద్‌ వాళ్ళకూ తార్నాక వాళ్ళకూ దగ్గరే.

ప్రశ్న: ఆడుకుంటుంటే మా ఏడేళ్ళ బాబు చేతికి పన్ను గీసుకుని చుక్క రక్తం వచ్చింది. పాలపళ్ళే కదా, మన ఇంటి పిల్లే కదా అని ఊరుకోవచ్చా? (ముషీరాబాద్)

ఊరుకోకూడదు. వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాల పాటు కడగాలి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే పదిహేను నిమిషాలు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువసేపు. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ అద్దకూడదు. ఆ తర్వాత నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో వెళ్ళాలి. చర్మంలోకి ఇచ్చే రేబిస్ టీకా మొదటి రోజు, ఆ రోజు నుంచి మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజులకు వేస్తారు. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. అందుకే ఇందులో మొహమాటానికి, బద్ధకానికి చోటు లేదు.

కుక్కపిల్లకు రేబిస్ టీకా వేసేది మూడు నెలలు నిండాకే. అంతకన్నా చిన్నదానికి, అందులోనూ తల్లి ఏదో తెలియనిదానికి, రక్షణ ఉందని అనుకోవడానికి ఆధారం లేదు. పార్వో, డిస్టెంపర్‌లకు కలిపి ఇచ్చే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా వేయిస్తారు. నట్టల మందు కూడా డాక్టరు చెప్పిన తేదీలకే తాగించాలి. టీకా కార్డు ఇంట్లో రేషన్ కార్డు ఉన్నచోటే ఉండాలి. కుక్కకు లైసెన్స్ తీసుకోవడానికి కూడా అదే ఆధారం.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ళ బాలుడు చనిపోయాడు. ఈ చుట్టుపక్కల బస్తీల్లో తల్లులు దాన్ని మరిచిపోలేదు. పక్కింటివాళ్ళు కుక్కను చూసి పిల్లలను లోపలికి పిలుచుకుంటే కోపం తెచ్చుకోకూడదు. మెట్ల మీద, వీధిలో గొలుసు పట్టుకునే నడిపించాలి. ఇంట్లో పిల్లాడికి మూడు మాటలు నేర్పాలి. తింటున్నప్పుడు ముట్టుకోవద్దు, పడుకున్నప్పుడు లేపొద్దు, మొహానికి మొహం ఆనించొద్దు. పెద్దవాళ్ళు దగ్గర లేకుండా ఇద్దరినీ వదలకూడదు.

ప్రశ్న: ఆదివారం మటన్ కూర అన్నం, ఎముకలు, మామూలు రోజుల్లో పెరుగన్నం పెడుతున్నాం. ఇష్టంగానే తింటుంది. చాలదా? (విద్యానగర్)

ఇష్టంగా తినడం వేరు, ఒంటికి పట్టడం వేరు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల నెత్తుటిలోని ఎర్రకణాలను పగలగొడతాయి. ఉడికించినా ఆ గుణం పోదు. మన ఇళ్ళలో ఉల్లిపాయ లేని కూర ఎక్కడుంది? రోజూ కొంచెం పులుసు కలిపి పెట్టినా నెలల మీద రక్తహీనత వస్తుంది. పాయసంలో కిస్‌మిస్, పిల్లలు ప్రేమగా పెట్టే చాక్లెట్, ద్రాక్షపళ్ళు ఇవన్నీ విషంతో సమానం. ఉడికిన ఎముక సూదుల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

దీనికోసం వేరే వంట చేయనక్కర్లేదు. పోపు పడకముందే, ఉప్పు కారం వేయకముందే కుక్క వాటా తీసి పక్కన పెడితే సరి. ఎముక తీసిన ఉడికించిన చికెన్, అన్నం, ఉడికించిన గుడ్డు, గుమ్మడికాయ, క్యారెట్ బాగుంటాయి. పెరుగు చాలా కుక్కలకు పడుతుంది, కానీ ఎదిగే పిల్లకు పెరుగన్నం ఒక్కటే చాలదు. మాంసకృత్తులు, కాల్షియం కావాలి. ఏది ఎంత పెట్టాలో తూకం చూసి డాక్టరు చెప్పాలి. మాంసం వండని ఇల్లయితే ఆ మాట ముందే చెప్పాలి.

ప్రశ్న: ఓయూలో పరిశోధన చేస్తున్నాను. హాస్టల్ దగ్గర రెండేళ్ళుగా ఒక కుక్కకు అన్నం పెడుతున్నాను. కోర్టు ఆదేశం తర్వాత దాన్ని పట్టుకుపోతారేమోనని భయం. మాణికేశ్వరి నగర్‌లో గది తీసుకుని పెంచుకుందామనుకుంటున్నాను. (ఓయూ క్యాంపస్)

సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఇచ్చిన ఆదేశం విద్యాసంస్థలకు, ఆసుపత్రులకు, బస్టాండ్లకు, రైల్వే స్టేషన్లకు వర్తిస్తుంది. అక్కడి కుక్కలకు ఆపరేషన్, టీకా చేయించి షెల్టర్లకు తరలించాలని, పట్టిన చోటే మళ్ళీ వదలకూడదని చెప్పింది. కాబట్టి ఈ భయం ఊహ కాదు. అదే ఏడాది ఆగస్టు 22 నాటి ఆదేశంలో కోర్టు ఇంకో దారి కూడా చూపింది. ఇష్టమున్నవాళ్ళు నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసుకుని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చు. అలా తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే పూచీ వాళ్ళదే.

ఆ పూచీ దగ్గరే ఆగి ఆలోచించాలి. పీహెచ్‌డీ ఐదారేళ్ళు. కుక్క బతికేది పది నుంచి పదిహేనేళ్ళు. ఉద్యోగం వేరే ఊళ్ళో వస్తే కుక్క ఎవరితో ఉంటుంది? సెలవులకు ఇంటికెళితే అన్నం ఎవరు పెడతారు? పెంచుకున్న జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. నేరమన్న మాట అటుంచితే, రెండోసారి వీధిన పడ్డ కుక్క మొదటిసారికన్నా దారుణంగా దెబ్బతింటుంది. గది ఇచ్చే యజమాని ఒప్పుకోలు కాగితం మీద తీసుకున్నాకే అడుగు వేయాలి. విశాలమైన క్యాంపస్‌లో తిరిగిన కుక్కను ఒక్కసారిగా గదిలో బంధిస్తే తలుపు గీకుతుంది, అరుస్తుంది. ముందు నెల రోజులు అక్కడే పట్టీ, గొలుసు అలవాటు చేసి, ఆ తర్వాత గదికి తీసుకెళ్ళాలి. పొద్దున, సాయంత్రం నడక తప్పనిసరి. గడ్డిలో తిరిగొచ్చాక చెవుల వెనక, కాలివేళ్ళ సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడాలి. ఆ పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం కుక్కలను చంపుతుంది.

ఇదంతా కుదరదనిపిస్తే ఆ కుక్కను పెరడున్న ఇంటికి చేర్చడం మేలు. 1992లో అమల అక్కినేని స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలను అడగవచ్చు. రెండేళ్ళు అన్నం పెట్టిన మనిషి కొత్త ఇంటికి నాలుగుసార్లు వెళ్ళి కూర్చుంటే కుక్క త్వరగా కుదురుకుంటుంది. అదీ ప్రేమే.

ప్రశ్న: మా అత్తగారికి మడి ఎక్కువ. కుక్క లోపలికొస్తే ఆవిడ అన్నం మానేస్తున్నారు. (గాంధీనగర్)

మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడని గుర్తుచేసి పెద్దావిడ నోరు మూయించడం తేలికే. వాదన గెలుస్తారు, ఆవిడ మనసు మాత్రం మారదు. వంటగది గడప, పూజగది గడప దాటనివ్వమని మాటిచ్చి, ఆ మాట నిలబెట్టుకోవాలి. కుక్క గడప నేర్చుకోగలదు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి, అంతే. ఒకరు వద్దంటుంటే ఇంకొకరు లోపలికి పిలిచి ముక్క పెడితే ఎప్పటికీ నేర్చుకోదు. రాలిన బొచ్చు ఊడ్చే పని ఆవిడ మీద పడకూడదు. తెచ్చినవాళ్ళే ఊడవాలి.

ప్రశ్న: దీపావళికి ఏం చేయాలి? (సీతాఫల్‌మండి)

మనిషి చెవికి ఇరవై వేల హెర్ట్జ్ దాకా వినిపిస్తే కుక్కకు నలభై వేలు దాటి వినిపిస్తుంది. బోనాల డప్పు, వినాయక నిమజ్జనం డీజే, దీపావళి బాంబు దేనికైనా ఏర్పాటు ఒకటే. చీకటి పడకముందే నడిపించి తీసుకొచ్చి, కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ వేసి, దానికి అలవాటైన మూలన పడుకోనివ్వాలి. ఇంట్లో ఒకరు పక్కనే ఉండాలి. భయపడి గేటు దాటి పరిగెత్తిన కుక్క తిరిగి దొరకడం కష్టం. అందుకని పండగ దాకా ఆగకుండా, మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు ఈరోజే రాయించండి.